పానా పట్టిన వ్యోమగాములు: నాసా 1978 బ్యాచ్

1983 ఆగస్టు 31న నాసా అంతరిక్ష నౌక ఛాలెంజర్ షటిల్ సరుకుల అరలోంచి ఒక ఉపగ్రహం బొంగరంలా తిరుగుతూ అంతరిక్షంలోకి జారింది. దాని పేరు ఇన్శాట్-1బి. ముందటి ఏడాది పంపిన ఇన్శాట్-1ఏ కొద్ది నెలలకే మూగబోయింది కాబట్టి భారత్ ఆశలన్నీ దీని మీదే ఉన్నాయి. మరుసటి ఏడాదే దేశమంతటా వరసగా టీవీ ట్రాన్స్‌మిటర్లు లేచాయి. వీధి మొత్తానికి ఒక్క టీవీ ఉన్న ఇంటి ముందు జనం చాపలు పరుచుకుని దూరదర్శన్ చూసిన రోజులు, వార్తల చివర బంగాళాఖాతం మీద తెల్లటి మేఘాల సుడి కనిపించగానే కోస్తా జనం గుండెలు చిక్కబట్టుకున్న రోజులు చాలావరకు ఈ ఉపగ్రహం పుణ్యమే.

దాన్ని కక్ష్యలోకి వదిలిన ఇద్దరిలో ఒకరు గయన్ బ్లూఫోర్డ్. అంతరిక్షానికి వెళ్లిన తొలి ఆఫ్రికన్ అమెరికన్‌గా ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. రెండో వ్యక్తి డేల్ గార్డ్‌నర్. ఈ పేరు మన దగ్గర విన్నవాళ్లు అరుదు. ఏడాది తర్వాత ఇదే గార్డ్‌నర్ ఇంకో ఉపగ్రహాన్ని అంతరిక్షంలో ఒడిసి పట్టి భూమికి దింపడంలో పాలుపంచుకున్నారు. అదీ చివరికి మన ఇళ్ల దాకా వచ్చింది. ఆ సంగతి కాస్త తర్వాత.

బ్లూఫోర్డ్, గార్డ్‌నర్ ఇద్దరూ ఒకే బ్యాచ్. 1978 జనవరి 16న నాసా ప్రకటించిన 35 మందిలో వాళ్లున్నారు. 15 మంది పైలట్లు, 20 మంది మిషన్ స్పెషలిస్టులు. అందులో ఆరుగురు మహిళలు, ముగ్గురు ఆఫ్రికన్ అమెరికన్లు, హవాయికి చెందిన జపాన్ మూలాల ఇంజనీరు ఒకరు. అంతకు ముందు నాసా ఎంచుకున్న ఏ బ్యాచ్‌లోనూ ఒక్క మహిళ కూడా లేరు. వీళ్లు తమకు పెట్టుకున్న పేరు ‘థర్టీ ఫైవ్ న్యూ గైస్’, పొట్టిగా టీఎఫ్ఎన్‌జీ. పైకి ‘ముప్పై అయిదుగురు కొత్తవాళ్లు’ అనే అమాయకమైన అర్థమే. అవే పొడి అక్షరాలకు అమెరికా సైన్యంలో కొత్తగా దిగినవాణ్ణి పిలిచే ఒక బూతు మాట కూడా ఉంది. తెలిసినవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఈ బ్యాచ్ మీద వచ్చే రాతలు ‘తొలి’ అన్న మాటతో మొదలై ఆ మాటతోనే ముగుస్తాయి. అంతరిక్షంలోకి తొలి అమెరికన్ మహిళ, స్పేస్‌వాక్ (నౌక దాటి అంతరిక్షంలోకి రావడం) చేసిన తొలి అమెరికన్ మహిళ, అంతరిక్షానికి వెళ్లిన తొలి తల్లి, అంతరిక్ష నౌకను నడిపించిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ కమాండర్. జాబితాలో తప్పేమీ లేదు, కానీ అది అసలు పనిని కప్పేస్తుంది. రికార్డు ఒక రోజు వార్త. ఈ మనుషులు దాదాపు ఇరవై ఏళ్లపాటు చేసింది చాలావరకు మరమ్మతు పని. చెడిపోయిన ఉపగ్రహాల్ని వెతికి పట్టుకోవడం, పానాతో విప్పడం, టేపుతో అతికించడం, కొన్నిసార్లు వట్టి చేతులతో మోయడం. బాగుచేయలేక ఓడిపోయినది తాము ఎక్కిన నౌకనే. దాని జబ్బు వాళ్ల ప్రయాణాల్లోనే ముందుగా బయటపడింది. దిద్దవలసినవాళ్లు సరిగా పట్టించుకోలేదు.

నౌకే మనుషుల్ని ఎంచుకుంది

మెర్క్యురీ, జెమిని, అపోలో నౌకల్లో ముగ్గురికి మించి చోటు లేదు. అందువల్ల నాసా ప్రధానంగా సైన్యంలోని టెస్ట్ పైలట్లనే తీసుకునేది, శాస్త్రవేత్తలు అక్కడక్కడ మాత్రమే. 1969 తర్వాత ఎంపికలే ఆగిపోయాయి. షటిల్ లెక్క వేరు. దాని సరుకుల అర పొడవు 18 మీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. అంటే ఒక బస్సును సులువుగా పెట్టేయవచ్చు. సీట్లు ఏడు. నడపడానికి ఇద్దరు చాలు. మిగతావాళ్లు ఉపగ్రహాలు వదలాలి, రోబో చేయిని ఆడించాలి, స్పేస్‌వాక్ చేయాలి, ప్రయోగాలు చూసుకోవాలి. ఈ పనులకు యుద్ధ విమానం నడిపిన అనుభవం అక్కర్లేదు. పైకి లేచేటప్పుడు శరీరం మీద పడే ఒత్తిడి కూడా భూమ్యాకర్షణకు మూడు రెట్లు దాటదు. ఆరోగ్యంగా ఉన్న డాక్టరైనా, ఖగోళ శాస్త్రవేత్త అయినా తట్టుకోగలరు. ‘మిషన్ స్పెషలిస్టు’ అనే కొత్త ఉద్యోగం అలా పుట్టింది. కల్పనా చావ్లా తొలిసారి అంతరిక్షానికి వెళ్లింది కూడా ఆ హోదాలోనే.

అమెరికాలో ఉద్యోగ సమానత్వ చట్టాలు 1972లో ప్రభుత్వ సంస్థలకూ వర్తించాయి, ఆ ఒత్తిడి నాసా మీదా ఉంది. 1976 జులైలో నోటిఫికేషన్ ఇచ్చినా మహిళలు, నల్లజాతివాళ్లు అంతగా ముందుకు రాలేదు. నాసా తమను నిజంగా తీసుకుంటుందన్న నమ్మకం వాళ్లకు లేదు. అప్పుడు నిషెల్ నికోల్స్ అనే టీవీ నటిని ప్రచారానికి పెట్టుకుని ఊరూరా తిప్పారు. చివరి తేదీ నాటికి ఎనిమిది వేలకు పైగా దరఖాస్తులు చేరాయి. 208 మందిని జట్లు జట్లుగా హ్యూస్టన్‌కు పిలిచి వైద్య పరీక్షలు, ఇంటర్వ్యూలు జరిపారు. ఎంపిక బోర్డు అధిపతి జార్జ్ ఆబీ. ఎవరు ఏ నౌక ఎక్కాలో తర్వాత నిర్ణయించడంలో పెద్ద చేయి కూడా ఆయనదే. ఏ లెక్కన నిర్ణయిస్తారో ఎవరికీ అంతు చిక్కేది కాదు.

అలా ఒకే గదిలోకి వచ్చిపడ్డ మనుషులకు పొంతనే లేదు. బ్లూఫోర్డ్ వియత్నాంలో 144 సార్లు యుద్ధ విమానంలో వెళ్లివచ్చినవాడు. సాలీ రైడ్ స్టాన్‌ఫర్డ్‌లో అప్పుడే భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ ముగిస్తున్న విద్యార్థిని. కాథరిన్ సలివన్ సముద్రపు అడుగును చదివిన భూగర్భ శాస్త్రవేత్త, రియా సెడన్ సర్జన్. రొనాల్డ్ మెక్‌నెయర్ ఎంఐటీలో లేజర్ల మీద డాక్టరేట్ చేసి, తీరిక దొరికితే శాక్సోఫోన్ వాయించే మనిషి. స్టీవెన్ హాలీ, జెఫ్రీ హాఫ్‌మన్, జార్జ్ నెల్సన్ నక్షత్రాల చదువు చదివినవాళ్లు. షానన్ లూసిడ్ చైనాలోని షాంఘైలో మిషనరీ దంపతులకు పుట్టి, పసితనంలో జపాన్ సైన్యం నిర్బంధ శిబిరంలో గడిపిన జీవరసాయన శాస్త్రవేత్త. మొదట్లో సైన్యం వాళ్లకు, యూనివర్సిటీ వాళ్లకు మధ్య గోడ ఉండేది. ఆడవాళ్లతో కలిసి పని చేయడం పైలట్లలో చాలామందికి కొత్త. ఆ గోడ కొంతవరకు కూలింది జెట్ శిక్షణలో. మరికొంత పెళ్లిళ్లతో కూలిందని చెప్పాలి: సెడన్ పైలట్ రాబర్ట్ గిబ్సన్‌ను, రైడ్ హాలీని పెళ్లాడారు. రైడ్, హాలీ 1987లో విడిపోయారు.

ఎంపికైనంత మాత్రాన వెంటనే ఎగరలేదు. 1975 నుంచి 1981 దాకా అమెరికా ఒక్క మనిషిని కూడా అంతరిక్షానికి పంపలేదు, షటిల్ ఇంకా తయారవుతూనే ఉంది. ఆ ఖాళీలోనే ఈ బ్యాచ్ మరమ్మతు పనికి అలవాటు పడింది. కొందరు కెనడా తయారుచేసిన రోబో చేయిని పరీక్షించారు. కొందరు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికారు. ఆనా ఫిషర్, సెడన్ వంటి డాక్టర్లు తొలి షటిల్ ప్రయాణాలప్పుడు హెలికాప్టర్లలో అత్యవసర వైద్యానికి సిద్ధంగా కూర్చున్నారు. నౌకలో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలిసిన వ్యోమగాములు అలా తయారయ్యారు.

వందైతే సరిపోతాయా?

ఈ బ్యాచ్ నుంచి తొలి ప్రయాణం 1983 జూన్ 18న జరిగింది. ఛాలెంజర్‌లో కమాండర్ రాబర్ట్ క్రిపెన్ తప్ప మిగతా నలుగురూ కొత్తవాళ్లే: ఫ్రెడరిక్ హౌక్, జాన్ ఫాబియన్, నార్మన్ థగార్డ్, సాలీ రైడ్. సోవియట్ యూనియన్ వాలెంతీనా తెరెష్కోవాను పంపి అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి. అయినా అమెరికా పత్రికలకు ఇది కొత్త వింత. పనిలో తేడా వస్తే ఏడుస్తారా అని రైడ్‌ను విలేఖరుల సమావేశంలో అడిగారు. ఆ ప్రశ్న పక్కనే ఉన్న పైలట్లను ఎవరూ అడగలేదు. నాసా ఇంజనీర్లు తక్కువ తినలేదు. వారం రోజుల ప్రయాణానికి నెలసరికి వాడే టాంపన్లు వంద సరిపోతాయా అని అడిగినట్టు ఆమె తర్వాత నవ్వుతూ చెప్పేవారు. ఉష్ణకవచం మందాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా లెక్కగట్టే సంస్థ, ఇంట్లో ఆడవాళ్లను అడిగితే తెలిసే లెక్క దగ్గర తడబడింది.

రైడ్‌ను ఆ ప్రయాణానికి ఎంచుకోవడానికి ముఖ్య కారణం రోబో చేయి మీద ఆమెకున్న పట్టు. ఆమె, ఫాబియన్ కలిసి ఎస్‌పీఏఎస్ అనే జర్మన్ ఉపగ్రహాన్ని ఆ చేత్తో బయటికి వదిలి మళ్లీ పట్టుకున్నారు. నీలి భూమి మీద ఛాలెంజర్ మొత్తం ఒంటరిగా తేలుతున్న ఫోటో ఆ ఉపగ్రహం తీసినదే. వదిలినదాన్ని తిరిగి పట్టుకోవచ్చని తేలాక, పాడైనదాన్ని పట్టుకుని బాగుచేయలేమా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

పటంలో లేని బొడిపె

సోలార్ మ్యాక్స్ అనే ఉపగ్రహం సూర్యుణ్ణి చూడడానికి 1980లో వెళ్లింది. అదే ఏడాది చివర్లో దాని దిశను సరిచూసే పరికరంలో ఫ్యూజులు పోయాయి. ఇంట్లో ఫ్యూజు పోతే స్టూలెక్కి మార్చుకుంటాం. ఇక్కడ స్టూలు 500 కిలోమీటర్ల ఎత్తుండాలి. 1984 ఏప్రిల్‌లో ఛాలెంజర్ అక్కడికి వెళ్లింది. కమాండర్ క్రిపెన్ మినహా మిగతా నలుగురూ 1978 బ్యాచే: డిక్ స్కోబీ, టెర్రీ హార్ట్, జేమ్స్ వాన్ హాఫ్టెన్, జార్జ్ నెల్సన్.

నత్రజని వాయువును చిమ్ముతూ కదిలే కుర్చీ లాంటి యంత్రాన్ని వీపుకు తగిలించుకుని, నౌకతో తాడు కూడా లేకుండా నెల్సన్ ఆ ఉపగ్రహం దగ్గరికి తేలుతూ వెళ్లారు. ఛాతీ మీద బిగించిన కొక్కెం ఉపగ్రహం మీది ముక్కుకు తగులుకోవాలి. మూడుసార్లు ప్రయత్నించినా తగులుకోలేదు. ఉపగ్రహం మీద కప్పిన ఉష్ణ దుప్పటిని బిగించిన చిన్న బొడిపె ఒకటి అడ్డొచ్చింది. ఇంజనీర్ల పటాల్లో అది లేదు. మేస్త్రీలకు, మెకానిక్కులకు ఇది కొత్త సంగతి కాదు. కాగితం మీద ఒకటి, గోడలో ఇంకొకటి ఉంటుంది. నెల్సన్ చేత్తో సౌరపలకను పట్టుకుని ఆపబోతే ఉపగ్రహం ఇంకా అదుపు తప్పి ఊగింది. మేరీలాండ్‌లోని నియంత్రణ బృందం రాత్రంతా కూర్చుని, బ్యాటరీలు అడుగంటుతుండగా దాన్ని నిలకడకు తెచ్చింది. ఆ తర్వాత హార్ట్ దాన్ని రోబో చేత్తో పట్టుకున్నారు. నెల్సన్, వాన్ హాఫ్టెన్ చెడిన భాగాలు విప్పి కొత్తవి బిగించారు. కక్ష్యలోనే ఒక ఉపగ్రహాన్ని పట్టి బాగుచేయడం అదే మొదలు. సోలార్ మ్యాక్స్ 1989 దాకా పనిచేసింది.

1984 ఫిబ్రవరిలోనే మరో షటిల్ వదిలిన రెండు ఉపగ్రహాలు, ఇండొనీసియా వారి పాలపా-బి2, అమెరికా కంపెనీ వారి వెస్టార్-6, వాటి సొంత రాకెట్లు సరిగా మండక పనికిరాని కక్ష్యలో చిక్కుకున్నాయి. బీమా సంస్థలకు భారీ నష్టం. వాటిని దింపి తెమ్మని నవంబర్‌లో డిస్కవరీని పంపారు. ఈ బ్యాచ్ నుంచి కమాండర్ కుర్చీలో కూర్చున్న తొలి వ్యక్తి హౌక్ నడిపిన ప్రయాణమిది. ముందే వేసుకున్న పథకం ఇక్కడా తొలి రోజే తప్పింది. పాలపాను బిగించాల్సిన చట్రం అమరలేదు. దాంతో 1967 బ్యాచ్‌కు చెందిన జోసెఫ్ అలెన్, భూమి మీద అరటన్ను తూగే ఆ ఉపగ్రహాన్ని దాదాపు గంటన్నరసేపు, అంటే భూమిని ఒక చుట్టు చుట్టేదాకా, చేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఈలోగా గార్డ్‌నర్ అడుగున బిగింపు పని ముగించారు. రెండు రోజుల తర్వాత వెస్టార్ దగ్గరికి తేలుతూ వెళ్లి దాన్ని పట్టుకున్నది గార్డ్‌నరే. లోపల రోబో చేయిని ఆనా ఫిషర్ ఆడించారు. బయలుదేరే నాటికి ఆమె కూతురికి ఏడాదిన్నర కూడా నిండలేదు. పని ముగిశాక గార్డ్‌నర్ ‘అమ్మకానికి’ అని రాసిన అట్ట పట్టుకుని ఫోటో దిగారు.

సరదాకు పట్టుకున్న ఆ అట్టే నిజమైంది. వెస్టార్-6ను బాగుచేసి అమ్మేశారు. అది 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద ఏషియాశాట్-1 అనే కొత్త పేరుతో మళ్లీ పైకి వెళ్లింది. 1991లో స్టార్ టీవీ, 1992లో జీ టీవీ ఆసియాకు ప్రసారాలు మొదలుపెట్టింది ఆ ఉపగ్రహం నుంచే. మేడల మీద పెద్ద పెద్ద గొడుగుల్లాంటి డిష్షులు లేచి, కేబుల్ తీగలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వేలాడిన రోజులవి. దూరదర్శన్‌ను ఊళ్లకు చేర్చిన ఉపగ్రహం, దూరదర్శన్ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టిన ఉపగ్రహం, రెండింటి వెనుకా ఒకే మనిషి చేయి ఉంది. ఎగిరింది రెండేసార్లు. ఆ రెండు ప్రయాణాలూ మన డ్రాయింగు రూముల్లోనే తేలాయన్నమాట.

1985లో ఇంకో తమాషా జరిగింది. ఏప్రిల్‌లో డిస్కవరీ వదిలిన లీశాట్-3 ఉపగ్రహం నిద్ర లేవలేదు. దాని పక్కనున్న మీట సరిగా పడలేదేమోనని అనుమానం. బాగుచేసే సామగ్రి నౌకలో లేదు. భూమి మీది ఇంజనీర్లు చెప్పినట్టు, పుస్తకాల ప్లాస్టిక్ అట్టలు కోసి, టేపు చుట్టి, ఈగలు కొట్టే జల్లెడ లాంటి పరికరం ఒకటి చేశారు. సర్జన్ అయిన సెడన్ కోత, కుట్టు పనిలో చేయి వేశారు. డేవిడ్ గ్రిగ్స్, హాఫ్‌మన్ బయటికి వెళ్లి దాన్ని రోబో చేయి చివర కట్టారు. ముందస్తు పథకం లేకుండా నాసా చేసిన తొలి స్పేస్‌వాక్ అదే. సెడన్ రోబో చేత్తో మీటను కొట్టారు, తగిలింది. ఉపగ్రహం మాత్రం లేవలేదు. జబ్బు మీటలో లేదు మరి. ఆగస్టులో మరో షటిల్ వెళ్లి, వాన్ హాఫ్టెన్, విలియం ఫిషర్ దాని తీగలు కలిపి బాగుచేశారు. చివర్లో ఆరడుగుల నాలుగంగుళాల వాన్ హాఫ్టెన్ రోబో చేయి కొసన నిలబడి, ఏడు టన్నుల ఆ ఉపగ్రహాన్ని చేత్తో తోసి తిప్పి వదిలారు, సంతలో రంగులరాట్నం తిప్పినట్టు.

ఈ విజయాలు ఒక అపోహకు కూడా నీళ్లు పోశాయి. ఏది చెడినా వీళ్లు వెళ్లి సరిచేస్తారు, షటిల్ అంటే సరుకు లారీ లాంటిదే అన్న ధీమా. 1985లో తొమ్మిది ప్రయాణాలు చేశారు, ఇంకా పెంచాలనుకున్నారు.

రబ్బరు వలయం

ఆ ధీమాకు విరుద్ధమైన సాక్ష్యం ఎప్పటి నుంచో పోగవుతూనే ఉంది. ఇన్శాట్-1బి వెళ్లిన ప్రయాణాన్నే తీసుకుంటే, షటిల్‌ను పైకి నెట్టి సముద్రంలో పడే బూస్టర్ రాకెట్లను తీసుకొచ్చి చూస్తే ఒకదాని నాజిల్ (మంట చిమ్మే మూతి) లోపలి పొర ప్రమాదకరంగా కాలిపోయి కనిపించింది. ఇంకొన్ని సెకన్లు మండి ఉంటే నౌక, వ్యోమగాములు, దూరదర్శన్ భవిష్యత్తు అన్నీ అట్లాంటిక్‌లో కలిసేవి.

1985 జనవరి 24న 51-సి అనే రహస్య సైనిక ప్రయాణం జరిగింది. అందులో ఈ బ్యాచ్ నుంచి లోరెన్ ష్రైవర్, జేమ్స్ బుక్లీ, హవాయి ఇంజనీరు ఎలిసన్ ఒనిజుకా ఉన్నారు. ముందు రోజుల్లో ఫ్లోరిడాలో చలి బాగా కొరికింది. బూస్టర్ కీళ్ల దగ్గర ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంది. బూస్టర్ భాగాలు కలిసే చోట వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు వలయాలు ఉంటాయి. చలికి రబ్బరు బిగుసుకుంటే, కీలు తెరుచుకున్న ఆ క్షణంలో వెంటనే సాగి సందు మూయదు. 51-సి తిరిగొచ్చాక విప్పి చూస్తే మొదటి వలయాన్ని దాటి నల్లటి మసి వచ్చింది. అప్పటిదాకా చూసినవాటిలో అదే అన్నింటికన్నా ఘోరం. ఒనిజుకా క్షేమంగా ఇంటికి వెళ్లారు. ఆ మసి ఒక నివేదికలోకి వెళ్లింది.

ఏడాది తర్వాత, 1986 జనవరి 27 రాత్రి, బూస్టర్లు తయారుచేసే థయోకోల్ కంపెనీ ఇంజనీర్లు ఫోనులో నాసా అధికారులతో వాదించారు. 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎగరొద్దని వాళ్ల మాట. ఆ 12 డిగ్రీల అంకె వచ్చింది ఒనిజుకా ఎక్కిన ప్రయాణం నుంచే. నాసా అధికారులు ఆ మాట మింగలేకపోయారు, కంపెనీ యాజమాన్యం తన ఇంజనీర్లను పక్కకు నెట్టి సరేనంది. మర్నాడు ఉదయం ప్రయోగ వేదిక మీద మంచు కడ్డీలు వేలాడుతున్నాయి, గాలి ఉష్ణోగ్రత 2 డిగ్రీలు. ఛాలెంజర్ 73 సెకన్లు ఎగిరింది. అందులోని ఏడుగురిలో నలుగురు 1978 బ్యాచ్: స్కోబీ, జూడిత్ రెస్నిక్, మెక్‌నెయర్, ఒనిజుకా. నలుగురికీ అది రెండో ప్రయాణం. చలిలో ఎగిరిన రెండు ప్రయాణాల్లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి ఒనిజుకా.

ఇంకో వివరం రాయకుండా దాటేయడం సరికాదు. నౌక ముక్కలైనా వ్యోమగాములు కూర్చున్న గది అప్పటికి విడిపోకుండా ఉంది. సముద్రంలో దొరికిన నాలుగు అత్యవసర గాలి పెట్టెల్లో మూడు ఆన్ చేసి ఉన్నాయి. ఒకటి పైలట్ మైకేల్ స్మిత్‌ది. దాని స్విచ్ ఆయన సీటు వెనుక ఉంటుంది. వెనుక కూర్చున్నది రెస్నిక్, ఒనిజుకా. వాళ్లలో ఒకరు చేయి చాచి తోటి మనిషికి గాలి అందించారని అర్థం.

దర్యాప్తు కమిషన్‌లో సభ్యురాలిగా సాలీ రైడ్‌ను వేశారు. చలికి రబ్బరు ఎలా బిగుసుకుంటుందో చూపే కాగితం ఒకటి ఆమె చేతికొచ్చింది. ఆమె దాన్ని తోటి సభ్యుడు జనరల్ డొనాల్డ్ కుటీనాకు మాట్లాడకుండా అందించారు. ఎవరిచ్చారో బయటపడకుండా ఆయన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌కు సూచన వేశారు. ఫైన్‌మన్ టీవీ కెమెరాల ముందు గ్లాసులోని చల్లటి నీళ్లలో రబ్బరు ముక్క ముంచి చూపించిన ప్రసిద్ధ దృశ్యం వెనుక ఇదీ ఉంది. కుటీనా ఈ సంగతి చెప్పింది 2012లో రైడ్ చనిపోయాకే. ‘తొలి అమెరికన్ మహిళ’ అన్న బిరుదు కన్నా ఆ కాగితం అందించిన పనికి ఎక్కువ విలువ ఇవ్వాలనిపిస్తుంది.

షటిల్ మళ్లీ 1988 సెప్టెంబర్ 29న ఎగిరింది. కమాండర్ హౌక్, పైలట్ రిచర్డ్ కవీ, స్పెషలిస్టు నెల్సన్ ఈ బ్యాచ్ వాళ్లే. అంతా చప్పట్లు కొట్టారు. రెండు నెలలకే, డిసెంబర్‌లో, గిబ్సన్ కమాండర్‌గా అట్లాంటిస్ మరో రహస్య సైనిక ప్రయాణానికి వెళ్లింది. పైకి లేస్తుండగా బూస్టర్ కొసనుంచి ఊడిన కవచపు ముక్క నౌక పొట్టను తాకింది. మైక్ ములేన్ రోబో చేయి చివరి కెమెరాను కిందకు వంచి చూస్తే ఉష్ణ కవచపు పెంకులు గీరుకుపోయి తెల్లగా కనిపించాయి. గిబ్సన్ అది చూసి తిరుగు ప్రయాణంలో బతకమనే అనుకున్నారు. సైనిక రహస్యం కారణంగా సంకేతాల్లో మార్చి పంపిన వీడియో కింద మసకగా చేరింది. పెద్ద దెబ్బేమీ కాదని భూమి నుంచి జవాబొచ్చింది. దిగాక లెక్కపెడితే 700కు పైగా పెంకులు దెబ్బతిన్నాయి, ఒకటి పూర్తిగా లేచిపోయింది. ఆ చోట కింద యాంటెన్నా కోసం బిగించిన మందపాటి లోహపు పలక ఉండబట్టి మనుషులు మిగిలారు. అది కేవలం అదృష్టం.

2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురు కొలంబియాలో తిరిగొస్తుండగా ఆ అదృష్టం దొరకలేదు. అప్పుడూ పైకి లేస్తుండగా ఊడిన ముక్కే, అప్పుడూ ప్రమాదం లేదన్న మాటే. ఆ దర్యాప్తులోనూ రైడ్ కూర్చున్నారు. రెండు కమిషన్లలోనూ ఉన్నది ఆమె ఒక్కరే. రెండోసారి కూర్చున్నాక ఛాలెంజర్ నాటి ప్రతిధ్వనులే వినిపిస్తున్నాయని ఆమె అన్నారు.

హబుల్, మీర్, చంద్ర

తొంభైల్లో మిగిలినవాళ్లకు జుట్టు నెరిసింది, పనులు పెద్దవయ్యాయి. గ్రిగ్స్ 1989లో ఒక పాత విమానం కూలి చనిపోయారు. ఫ్రెడరిక్ గ్రెగరీ అదే ఏడాది తొలి ఆఫ్రికన్ అమెరికన్ కమాండర్ అయ్యారు.

1990 ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును రోబో చేత్తో బయటికి తీసింది హాలీ. దాని సౌరపలకల్లో ఒకటి విచ్చుకోకుండా మొరాయించింది. అవసరమైతే చేత్తో విప్పడానికి సలివన్, బ్రూస్ మెకాండ్లెస్ సూట్లు తొడుక్కుని, బయటికి వెళ్లే గది ఎయిర్‌లాక్‌లో గాలి తగ్గించుకుని కాచుకుని ఉన్నారు. చివరికి పలక దానంతట అదే విచ్చుకుంది. హబుల్‌ను అంతరిక్షంలోనే విప్పి బిగించేలా పనిముట్లు, పద్ధతులు సిద్ధం చేయడానికి వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి కష్టపడ్డారు. అది వదిలే క్షణాన్ని మాత్రం సలివన్ కళ్లారా చూడలేకపోయారు, ఎయిర్‌లాక్‌లో ఇరుక్కుని ఉన్నారు కనుక.

వాళ్ల శ్రమ విలువ కొద్ది వారాల్లోనే తెలిసింది. హబుల్ అద్దం అంచు దగ్గర వెంట్రుక మందంలో యాభయ్యో వంతు ఎక్కువగా అరగదీశారు. బొమ్మలన్నీ మసక. 1993 డిసెంబర్‌లో కవీ కమాండర్‌గా ఎండెవర్ వెళ్లింది. వరసగా అయిదు స్పేస్‌వాకులు జరిగాయి. కొత్త కెమెరా పెట్టెను లోపలికి జరిపిన ఇద్దరిలో ఒకరు, ఎనిమిదేళ్ల కింద ఈగల జల్లెడ కట్టిన హాఫ్‌మన్. మరుసటి నెలలో వచ్చిన బొమ్మల్లో నక్షత్రాలు సూదిమొనల్లా కనిపించాయి. 1997లో హబుల్‌ను మళ్లీ రోబో చేత్తో పట్టుకుంది, మొదట వదిలిన హాలీయే.

థగార్డ్ 1995 మార్చిలో రష్యా సోయుజ్ ఎక్కిన తొలి అమెరికన్ అయ్యారు. రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో నాలుగు నెలలు గడిపారు. ఆయన్ని తిరిగి తెచ్చేందుకు మీర్‌కు షటిల్‌ను తొలిసారి తగిలించిన కమాండర్ గిబ్సన్. పెంకులు ఊడి చావు అంచున నిలబడ్డ ఆ గిబ్సనే. మరుసటి ఏడాది 53 ఏళ్ల షానన్ లూసిడ్ మీర్‌కు వెళ్లి, ఆ ఒక్క ప్రయాణంలోనే 188 రోజులు అంతరిక్షంలో ఉన్నారు. తెచ్చేందుకు రావలసిన షటిల్ ఆలస్యమవుతూ పోయినా పుస్తకాలు చదువుకుంటూ, ఇద్దరు రష్యన్లతో సరదాగా గడిపారు. ఒకే ప్రయాణంలో ఎక్కువ రోజులు గడిపిన మహిళగా ఆమె రికార్డును 2007లో సునీతా విలియమ్స్ దాటేదాకా ఎవరూ కదపలేదు.

బ్యాచ్ చివరి ప్రయాణం 1999 జులైలో. ఎక్కింది హాలీ, అది ఆయనకు అయిదోసారి. కొలంబియా పైకి లేచిన కొద్ది సెకన్లకే ఒక తీగలో షార్టు వచ్చింది. ఇంజన్‌లోంచి ఊడిన చిన్న పిన్ను నాజిల్ గొట్టాలను చీల్చి హైడ్రోజన్ కారింది. అయినా కక్ష్య చేరారు. లోపల ఉన్నది ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు. దాన్ని వదిలాక, దాని సొంత రాకెట్లు భూమికి ఒక లక్షా ముప్పై తొమ్మిది వేల కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చే కక్ష్యలోకి తీసుకెళ్లాయి. అది చంద్రుడి దూరంలో మూడో వంతుకు పైనే. అంత దూరం షటిల్ వెళ్లలేదు. చెడితే విప్పి బిగించడానికి వీలుగా దాన్ని కట్టనూ లేదు. అయిదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది ఇరవై అయిదేళ్లు దాటినా ఇంకా బొమ్మలు పంపుతూనే ఉంది.